ప్యాడిల్ బోర్డుతో సర్ఫర్ల మధ్యకు వెళ్లే ముందు

నిలబడి తెడ్డుతో నడిపే ప్యాడిల్ బోర్డుతో రుషికొండ అలల్లో దిగేముందు ఇవి చూసుకోండి.

నురుగు అల మీదికొస్తే బోర్డు వదిలేసి దూకొద్దు. 10 అడుగుల బోర్డు, దాన్ని కాలికి కట్టే 10 అడుగుల తాడు (లీష్) కలిస్తే మీ వెనక 20 అడుగుల దాకా ఎవరికైనా తగలొచ్చు. వెనక మనిషి ఉంటే బోర్డును గట్టిగా పట్టుకోండి.

లీష్ తిన్నగా ఉండేదే కట్టండి. స్ప్రింగులా చుట్టలు తిరిగిన లీష్ సాగి బోర్డును మీ మీదికే విసురుతుంది.

అల విరిగే చోటుకు అందరికన్నా దగ్గరున్నవాళ్లదే ఆ అల. నిలబడి ఉంటారు కాబట్టి మీకు అల ముందే కనిపిస్తుంది, ముందే అందుతుంది. అలాగని అన్నీ ఎక్కేస్తే బోర్డు మీద పడుకుని చేతులతో ఈదే సర్ఫర్లకు ఏం మిగలదు. ఒకటి ఎక్కితే రెండు వదలండి.

సముద్రం లోపలికి వెళ్లేటప్పుడు అలలు విరిగే చోటు మధ్యలోంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్లండి.

బోర్డు చప్పున తిప్పడం ఇంకా రాలేదా? జనం లేని పక్కనే ఉండండి.