పెంపుడు కుక్కకు ప్రథమ చికిత్స పెట్టెను ఎలా సిద్ధం చేసుకోవాలి?

కుక్కకు గాయమైనా, వడదెబ్బ తగిలినా, తినకూడనిది తిన్నా చికిత్స చేయవలసింది పశువైద్యులే. ఆయన దగ్గరకు చేరేలోగా రక్తం పోకుండా, నొప్పి పెరగకుండా, పరిస్థితి దిగజారకుండా చూడటం వరకే ఇంట్లోని ప్రథమ చికిత్స పెట్టె పని. ఈ హద్దు గుర్తుంచుకుంటే ఏది కొనాలో, ఏది కొనకూడదో తేలిగ్గా తెలుస్తుంది. అర్ధరాత్రి వేళ విశాఖ శివార్లలోని మధురవాడ నుంచో పెందుర్తి నుంచో తెరిచి ఉన్న ఆసుపత్రిని వెతుక్కుంటూ బయలుదేరినప్పుడు, దారి పొడవునా ఆ మూగజీవి బాధ్యత మనదే.

మొదట వివరాలు రాసుకోండి

మెడికల్ షాపుకు వెళ్ళేముందు ఒక కాగితం మీద కుక్క వయసు, బరువు, ఇప్పటికే వాడుతున్న మందులు, పడని మందులు రాసి పెట్టుకోండి. డాక్టరు ఫోనులో మొదట అడిగేది బరువే, ఎందుకంటే మందు మోతాదు దాని మీదే ఆధారపడి ఉంటుంది. కుక్కను ఎత్తుకుని బరువు యంత్రం మీద నిలబడి, అందులోంచి మీ బరువు తీసివేస్తే లెక్క దొరుకుతుంది. మీరు మామూలుగా చూపించే డాక్టరు నంబరుతో పాటు రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరును కూడా ముందే కనుక్కుని రాసుకోండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం ఏర్పాటైనవి కాబట్టి, అత్యవసరంలో వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు. టీకాల పుస్తకం జిరాక్సును కూడా పెట్టెలోనే ఉంచండి.

పెట్టె

బిగుతుగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా చాలు. విశాఖ ఉప్పుగాలికి మామూలు ఇనుప కత్తెర కొద్ది నెలల్లోనే తుప్పు పడుతుంది, దూది చెమ్మగిల్లుతుంది. అందువల్ల స్టెయిన్‌లెస్ స్టీలు కత్తెరనే కొని, దూదిని, కట్టు గుడ్డలను జిప్ కవర్లలో విడివిడిగా పెట్టండి. పెట్టెను కారులో వదిలేయవద్దు. ఎండలో నిలిపిన కారు వేడికి ప్లాస్టర్ జిగురు కరుగుతుంది, మందులు పాడవుతాయి.

గాయాలకు కావలసినవి

పెట్టెలో ఎక్కువ చోటు వీటికే ఇవ్వాలి. స్టెరైల్ గాజ్ గుడ్డ (గాయం మీద వేసే పలచని గుడ్డ) ముక్కలు, దూది, రెండు వెడల్పుల క్రేప్ బ్యాండేజీలు, వెంట్రుకలకు అంటుకోకుండా తనకు తానే అతుక్కునే బ్యాండేజీ, కాగితం ప్లాస్టర్, సెలైన్ సీసా, పోవిడోన్ అయోడిన్ ద్రావణం, చేతి తొడుగులు తీసుకోండి. స్పిరిట్, డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి పచ్చి గాయాన్ని మండిస్తాయి, మానవలసిన కండను దెబ్బతీస్తాయి. పసుపు, కాఫీ పొడి అద్దే అలవాటు మన ఇళ్ళలో ఉంది గానీ, లోతైన గాయం మీద అవి గడ్డకట్టుకుపోతే డాక్టరు వాటినంతా కడిగి తీసిన తర్వాతే గాయం ఎంత లోతో చూడగలుగుతారు.

ఆర్కే బీచ్‌లో పొద్దుటి నడకకు తీసుకెళ్ళిన కుక్క ఇసుకలోని గాజు పెంకు మీద కాలు వేసిందనుకుందాం. ముందు సెలైన్‌తో ఇసుకను పూర్తిగా కడగండి. పైపైన కనిపించే చిన్న ముక్కను పట్టకారుతో తీయవచ్చు గానీ, లోతుగా దిగినదాన్ని కదిలించకూడదు. పెంకు లోపల లేదని తెలిశాక గాజ్ గుడ్డను మడిచి గాయం మీద పెట్టి ఐదు నిమిషాలు గట్టిగా అదమండి. ఆగిందో లేదో చూద్దామని మధ్యలో ఎత్తితే, గడ్డకడుతున్న రక్తం మళ్ళీ కారుతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేయండి. రక్తం ఆగి, ఆసుపత్రికి చేరడానికి సమయం పట్టేలా ఉంటే, పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపిన అయోడిన్‌తో గాయం చుట్టూ తుడిచి, వేళ్ళ సందుల్లో కొద్దిగా దూది పెట్టి, పాదం నుంచి పైకి కట్టు కట్టండి. కట్టుకింద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. మధ్య రెండు గోళ్ళు బయటికి కనిపించేలా వదిలితే, పాదం వాచినా చల్లబడినా వెంటనే తెలుస్తుంది.

ఫిషింగ్ హార్బర్ పరిసరాల్లో, జాలరిపేటల దగ్గర తిరిగే కుక్కలకు చేపల గాలం గుచ్చుకోవడం జరుగుతుంటుంది. గాలానికి వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది కనుక దాన్ని లాగవద్దు. నోట్లోంచి దారం వేలాడుతున్నా లాగవద్దు. నాకకుండా మెడకు గరాటు ఆకారపు కాలర్ వేసి అలాగే తీసుకెళ్ళండి. ఈ కాలర్‌ను కుక్క మెడ కొలతకు తగ్గట్టు ముందే కొని ఉంచుకోవాలి.

మీ కుక్కను వీధికుక్క కరిస్తే చేతి తొడుగులు వేసుకుని, గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. రేబిస్ టీకా వేయించిన కుక్కనైనా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఆ గొడవలో మీకు గీరుకున్నా ఇదే విధంగా కడుక్కుని, మీరూ ఆసుపత్రికి వెళ్ళాలి.

మూతికట్టు

ఎంత నెమ్మదస్తురాలైన కుక్క అయినా నొప్పిలో యజమానినే కరవవచ్చు. దాన్ని తప్పుపట్టడానికి లేదు. అందుకే మీటరు పొడవున్న మెత్తని గుడ్డ పట్టీ ఒకటి పెట్టెలో అన్నిటికంటే పైన ఉండాలి. పట్టీని మూతి మీదుగా ఒక చుట్టు చుట్టి, రెండు కొసలను గడ్డం కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి, చెవుల వెనుక సులువుగా ఊడే ముడి వేయండి. వాంతి చేసుకుంటున్న, ఊపిరాడని, స్పృహ లేని కుక్కకు, పగ్ వంటి చప్పిడి మూతి జాతులకు ఇలా కట్టకూడదు.

థర్మామీటరు, వడదెబ్బ

కుక్క కోసం ప్రత్యేకంగా డిజిటల్ థర్మామీటరు, చిన్న వాజలీన్ డబ్బా కొనండి. కొనకు వాజలీన్ రాసి మలద్వారంలోకి అంగుళం మేర పోనిస్తే సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఉష్ణోగ్రత దాదాపు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మనిషి లెక్కతో చూసి జ్వరమని కంగారుపడవద్దు. 104 దాటితే మాత్రం ఆలస్యం చేయకూడదు. కుక్క బాగున్న రోజుల్లోనే ఒకటి రెండుసార్లు చూసి అలవాటు చేస్తే, అసలు అవసరం వచ్చినప్పుడు అది బెదరదు.

కుక్క పంటి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబారిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్ళు నల్లగా ఉండే కుక్కలకు కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి. పాలిపోయినా, ముదురు ఎరుపుగా మారినా డాక్టరుకు ఫోనులో ఆ మాట మొదటే చెప్పండి.

కుక్క తన ఒంటి వేడిని ప్రధానంగా రొప్పుతూ, నోటి తడి ఆవిరైపోవడం ద్వారా తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన తీరంలో గాలి నిండా తేమే కాబట్టి ఆ తడి త్వరగా ఆరదు. అందువల్ల మరీ మండే ఎండ కాకపోయినా విశాఖలో వడదెబ్బ తగలవచ్చు. ఆగకుండా రొప్పుతూ, చిక్కటి చొంగ కారుస్తూ తూలుతుంటే నీడకు చేర్చి, ఒంటి నిండా చల్లని కుళాయి నీళ్ళు పోసి ఫ్యాను పెట్టండి. ఐసు నీళ్ళలో ముంచవద్దు, తడి తువ్వాలు కప్పి వదిలేయవద్దు. ఉష్ణోగ్రత 103కు దిగగానే చల్లార్చడం ఆపాలి. కోలుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళి తీరాలి.

చిన్న వస్తువులు

గోమార్లు తీయడానికి సన్న మొన పట్టకారు, గోరు తెగి రక్తం వస్తే అద్దడానికి పటిక పొడి, నోట్లోకి నీళ్ళు పట్టడానికి సూది లేని సిరంజి, టార్చిలైటు, గాయపడిన కుక్కను మోయడానికి మందపాటి దుప్పటి ఉంటే చాలు. గోమారను చర్మానికి ఆనుకుని పట్టుకుని నిటారుగా, నెమ్మదిగా లాగాలి. దాన్ని నలపకూడదు, కాల్చకూడదు.

విషం, పాము కాటు

చాక్లెట్, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, ఉల్లి, ఎలుకల మందు కుక్కలకు ప్రమాదం. ఏది తిన్నదో ఆ ప్యాకెట్టును వెంట తీసుకెళ్ళడానికి పెట్టెలో ఒక ఖాళీ కవరు ఉంచండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం మన దగ్గర తరచూ చేసే పని, కానీ ఆ ఉప్పే విషమయ్యే ప్రమాదం ఉంది. ఫినాయిలు, కిరోసిన్ వంటివి తాగిన కుక్కను కక్కిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి మరింత హాని చేస్తాయి. డాక్టరు చెప్పకుండా వాంతి చేయించనే కూడదు.

కంబాలకొండ, సింహాచలం కొండలను ఆనుకుని ఉన్న కాలనీల్లోకి నాగుపాము, రక్తపింజరి వస్తుంటాయి. కాటు పడితే కోయవద్దు, బిగించి కట్టవద్దు, కుక్కను నడిపించవద్దు. దుప్పటిలో ఎత్తుకుని బయలుదేరుతూ, విషానికి విరుగుడు మందు ఉందో లేదో ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి.

పెట్టెలో ఉండకూడనివి

మనం వాడే నొప్పి మాత్రలేవీ ఇందులో పెట్టకండి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కాలేయాన్నో, మూత్రపిండాలనో, జీర్ణాశయాన్నో తీవ్రంగా దెబ్బతీయగలవు. చేతికి అందితే ప్రేమకొద్దీ ఎవరో ఒకరు వేసేస్తారు. అందుకే వాటిని వేరే గదిలో ఉంచడం మంచిది. అలర్జీ మాత్ర, విరేచనాల మందు వంటివి డాక్టరు మీ కుక్క పేరు మీద రాసి ఇస్తే, మోతాదును వాటి మీదే మార్కరుతో రాసి పెట్టుకోండి.

తుపాను కాలానికి, ఏడాది పొడవునా

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అందుకే అక్టోబరుకు ముందే రోజూ వాడే మందులు రెండు వారాలకు సరిపడా, కొంత పొడి ఆహారం, తాగునీరు, అదనపు గొలుసు, కుక్క ఫొటో ఒకటి పెట్టె పక్కన చేర్చండి. ఫోన్ నంబర్లు కాగితం మీద ఉండాలని మొదట చెప్పింది కూడా ఇందుకే. మూడు నెలలకోసారి గడువు తేదీలు, థర్మామీటరు బ్యాటరీ, టార్చిలైటు చూసుకోండి. ఒకసారి తెరిచిన సెలైన్ సీసాను దాచవద్దు, మిగిలినది పారబోసి కొత్తది కొనండి.