డెంగీ ఎవరికి ముదురుతుందో ముందే పసిగట్టడం ఎలా?

డెంగీ వార్డులో రోగుల బంధువులు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న, 'ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?' ఆ అంకెకు విలువ లేదనను. కానీ మనిషి షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తప్రసరణ చాలని స్థితిలోకి, జారుతున్నాడా లేదా అన్నది అదొక్కటే చెప్పలేదు. 30 వేలకు పడిపోయినా లేచి కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లుంటారు. 90 వేలున్నా ఒళ్లు చల్లబడి ఐసీయూలో చేరేవాళ్లూ ఉంటారు. డెంగీలో అసలు ముప్పు ఎక్కువగా ప్లాస్మా కారడంతో మొదలవుతుంది. రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీరులాంటి భాగం పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ చేరిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, ఒంటికి చాలదు. దీన్ని ముందుగా పట్టుకోవడమే మనం చేయాల్సిన పని. అందుకు థర్మామీటరు, బీపీ మిషను, ఒక నోటుపుస్తకం ఉంటే చాలావరకు సరిపోతుంది.

1. జ్వరం ఎప్పుడు మొదలైందో రాసిపెట్టుకోండి

తేదీతో పాటు పూట కూడా రాయండి. జ్వరం వచ్చిన రోజు ఒకటో రోజు. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. తక్కిన జ్వరాల్లో అది ఊపిరి పీల్చుకునే సమయం. డెంగీలో మాత్రం అక్కడి నుంచి 24 నుంచి 48 గంటలే అసలు గండం. 'జ్వరం తగ్గిందిగా, ఇంకేం' అని సెలవు ముగించి పనికి వెళ్లినవాళ్లే ఆ సాయంత్రానికి కుప్పకూలుతుంటారు.

పారాసెటమాల్ వేసిన రెండు గంటలకు ఒళ్లు చల్లబడితే దాన్ని జ్వరం దిగినట్టు లెక్కేయకండి. మందు ప్రభావం పోయాక కూడా 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా ఉండాలి.

ఆ పూట మనిషిని జాగ్రత్తగా చూడండి. జ్వరం దిగాక ఆకలేస్తోంది అన్నాడా, ఫోను అందుకున్నాడా, మంచి సూచన. జ్వరం దిగినా పిలిస్తే 'ఊఁ' అని కళ్లు మూసుకుంటున్నాడా, మంచం దిగలేకపోతున్నాడా, ఊరికే అటూ ఇటూ దొర్లుతున్నాడా, రిపోర్టు కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. ముప్పు ఎవరికి ఎక్కువో తెలుసుకోండి

ఏడాదిలోపు పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, ఊబకాయులు, షుగరు లేదా కిడ్నీ జబ్బున్నవాళ్లు. వీళ్ల విషయంలో 'ఇంటి దగ్గరే చూద్దాం' అన్న నిర్ణయం డాక్టరుకే వదిలేయాలి.

గతంలో ఒకసారి డెంగీ వచ్చినవాళ్లకూ ముప్పెక్కువ. ఈ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోతే దాని నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది గానీ, తర్వాత వేరే రకం సోకినప్పుడు పాత యాంటీబాడీలు దాన్ని చంపలేకపోగా, కణాల్లోకి చేరడానికి దారి చూపించగలవు. అందుకే రెండోసారి అనగానే డాక్టర్లు ఇంకాస్త అప్రమత్తమవుతారు. అలాగని మొదటిసారే కదా అని ధీమా పడటానికీ లేదు.

3. రిపోర్టులో పీసీవీ వెతకండి

దీన్నే హెమటోక్రిట్ అని కూడా రాస్తారు. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే శాతం ఇది. చెరువులో నీళ్లు ఇంకేకొద్దీ బురద చిక్కబడినట్టు, ప్లాస్మా కారేకొద్దీ పీసీవీ పెరుగుతుంది. ఒక్క రిపోర్టుతో తేలదు, మొదటి దానితో పోల్చాలి. మొదట్లో 38 ఉన్నది నాలుగో రోజుకు 46 అయ్యిందనుకోండి. పెరిగింది 8, అంటే 20 శాతం దాటింది. ప్లాస్మా గట్టిగా కారుతోందనడానికి అది గుర్తు. ఒకపక్క ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోతూ మరోపక్క పీసీవీ పెరుగుతుంటే, 20 శాతం దాకా ఆగక్కర్లేదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

అందుకే జ్వరం వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లోనే ఒకసారి రక్తపరీక్ష చేయించడం మేలు. పోల్చడానికి అసలు అంకె లేకపోతే తర్వాతి అంకెలకు అర్థం ఉండదు. కుదిరితే అన్నీ ఒకే ల్యాబులో చేయించండి. ఇంకో సంగతి: పీసీవీ ఒక్కసారిగా పడిపోయి, మనిషి కూడా నీరసించి నాడి వేగంగా కొట్టుకుంటుంటే అది కోలుకోవడం కాదు. లోపల ఎక్కడో రక్తం పోతుండవచ్చు.

తెల్లకణాలు ప్లేట్‌లెట్ల కంటే ముందే తగ్గుతాయి. అవి బాగా తగ్గాయంటే గండం గడియలు దగ్గరపడ్డాయని అనుకోవచ్చు.

4. బీపీలో రెండు అంకెల మధ్య తేడా చూడండి

చాలామంది పొరబడేది ఇక్కడే. పొద్దున 110/70, మధ్యాహ్నం 106/78, సాయంత్రం 104/84. పై అంకె ఒక్కటే చూస్తే 'బీపీ బాగానే ఉంది' అనిపిస్తుంది. తేడా చూడండి: 40, 28, 20. రక్తం చాలక ఒళ్లు నాళాలను బిగబట్టి నెట్టుకొస్తోంది, అందుకే కింది అంకె పైకెక్కుతోంది. తేడా 20 లేదా అంతకన్నా తక్కువైతే అది షాక్ కిందే లెక్క, పై అంకె ఎంతున్నా సరే. అక్కడిదాకా రాకముందే, తేడా తగ్గుతూ పోతుండగానే బయల్దేరాలి.

బీపీ మిషను లేకపోతే వేలి కొన గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. పాదాలు తాకి చూడండి, చల్లగా జిగటగా ఉండకూడదు. మూత్రం కనీసం ఆరు గంటలకోసారైనా రావాలి. పూటపూటా రాసుకుంటే తగ్గడం ఇట్టే తెలిసిపోతుంది.

5. ఇవి కనిపిస్తే ఆగొద్దు

తగ్గని కడుపునొప్పి. ఆగని వాంతులు. చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, నెలసరిలో మామూలు కంటే ఎక్కువ రక్తస్రావం. ఊపిరి అందకపోవడం, పొట్ట ఉబ్బడం. మగత, చిరాకు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో డెంగీని హెచ్చరిక లక్షణాలు లేనిది, ఉన్నది, తీవ్రమైనది అని విడదీసింది కూడా ఇలాంటి గుర్తులను బట్టే. హెచ్చరిక కనిపించిన ప్రతి ఒక్కరికీ ముదరదు, నిజమే. పదిమందిని అనవసరంగా ఒకరోజు ఆసుపత్రిలో ఉంచడం కంటే ఒక్కరిని ఇంట్లో ఉంచేయడమే పెద్ద తప్పని నా లెక్క. ఎవరికి ముదురుతుందో చెప్పే గురి పెంచడానికే రక్తంలో జన్యువుల చురుకుదనాన్ని కొలిచే పరీక్షల కోసం వెతుకుతున్నారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 8 జన్యువులతో అలాంటి పద్ధతిని 2022లో ప్రచురించారు. పడక పక్కన మాత్రం ఇప్పటికీ పనికొచ్చేవి పై గుర్తులే.

6. ఈ పొరపాట్లు చేయకండి

ఒళ్లునొప్పులకు ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసెటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదు దాటొద్దు. ఎన్ఎస్1 పరీక్ష జ్వరం వచ్చిన తొలి ఐదు రోజుల్లో బాగా పనికొస్తుంది. అది డెంగీ ఉందో లేదో చెబుతుంది గానీ, ముదురుతుందో లేదో తేల్చదు.

ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టరుతో గొడవపడొద్దు. సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో జరిగి 2017లో ప్రచురితమైన అధ్యయనంలో, ప్లేట్‌లెట్లు 20 వేలు, అంతకన్నా తక్కువ ఉండి, ఆగని రక్తస్రావం గానీ తీవ్ర రక్తస్రావం గానీ లేని పెద్దవాళ్లకు ముందుజాగ్రత్తగా ఎక్కించి చూశారు. రక్తస్రావాలేమీ తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువగా కనిపించాయి.

7. కాపలా ఎప్పుడు ఆపాలి

మందు లేకుండా జ్వరం పోయి 48 గంటలు గడవాలి. ఆకలి, మూత్రం మామూలు కావాలి, సెలైన్ లేకుండానే పీసీవీ నిలకడగా ఉండాలి, ప్లేట్‌లెట్లు పెరుగుదల పట్టాలి. ఈ దశలో ఒంటిమీద దురదతో ఎర్రటి మచ్చలు రావడం మామూలే. బయటికి కారిన ప్లాస్మా ఇప్పుడు తిరిగి రక్తంలోకి చేరుతుంటుంది. అందుకే గండం గడిచాక కూడా సెలైన్ ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కోలుకుంటున్న మనిషికి హఠాత్తుగా ఆయాసం వస్తే ముందుగా సెలైన్ సీసా వైపు చూసి నర్సును పిలవండి.