ఏజెంటు ‘పని అయింది’ అంటోంది, శబ్దం మాత్రం పాడవుతోంది: టూల్ వివరణలో వెతకాల్సిన చోటు

ఆడియో సాఫ్ట్‌వేర్‌కు ఏఐ ఏజెంటును జోడించి, అది చెప్పిన మాట వినడం లేదంటూ నెల్లూరులోని మా రికార్డింగ్ గదికి వచ్చే ప్రతి ఒక్కరినీ ముందుగా ఒకటే అడుగుతాను: ఏజెంటుకు అందుతున్న టూళ్ల (అది పిలిచి వాడుకునే పనిముట్ల) జాబితాను మీరు ఒక్కసారైనా చదివారా? కావలి నుంచి వచ్చినా, ఒంగోలు నుంచి వచ్చినా చదివామన్నవారు చాలా అరుదు. మోడల్ మార్చి చూసి ఉంటారు, ప్రాంప్టును పదిసార్లు తిరగరాసి ఉంటారు. మీ కోడ్ ఏజెంటుకు కనిపించదు. తెర మీది ఫేడరూ (వాల్యూమును జరిపే మీట) కనిపించదు. ఏజెంట్లను బయటి సాఫ్ట్‌వేర్లతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో కట్టినా, సొంతంగా కట్టుకున్నా, దాని చేతికి వెళ్లేవి టూల్ పేరు, వివరణ, పారామీటర్ల (టూలుకు ఇవ్వాల్సిన విలువల) పట్టిక మాత్రమే. ఆ మూడింటినీ కాగితం మీద అచ్చు తీసి, మీ కోడ్ ఎరగని మనిషికిచ్చి, ‘మృదంగం ట్రాకును 3 డెసిబెల్లు తగ్గించాలంటే ఏ టూలుకు ఏ అంకె ఇస్తారు?’ అని అడగండి. ఆ మనిషి తడబడిన చోటే ఏజెంటూ తడబడుతోంది. దయచేసి ఈ పని చేశాకే మిగతావి చదవండి.

లక్షణం: ఒక టూల్ పిలవాల్సిన చోట మరొకటి పిలుస్తోంది.

నార్మలైజ్, లౌడ్‌నెస్ అనే రెండు టూళ్లకూ ‘శబ్దాన్ని సరిచేస్తుంది’ అని రాసి ఉంటారు. అది ఏం చేస్తుందో మాత్రమే కాక, ఎప్పుడు వాడకూడదో కూడా రాయండి. నార్మలైజ్‌కైతే ఇలా: ‘ఫైలులోని అత్యధిక శిఖరాన్ని ఇచ్చిన డెసిబెల్ స్థాయికి తెస్తుంది. రెండు ఫైళ్లు చెవికి ఒకే స్థాయిలో వినిపించాలంటే ఇది కాదు, లౌడ్‌నెస్ టూల్ వాడాలి.’

లక్షణం: అన్నీ సఫలమైనట్లు జవాబు వస్తోంది, వింటే మిశ్రమం చెడిపోయి ఉంది.

నన్ను బాగా ఏడిపించింది ఇదే. పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి దగ్గర రికార్డు చేసిన ఒక హరికథను సరిదిద్దుతూ, ‘హార్మోనియం 3 డెసిబెల్లు పెంచు, చిడతల ఫేడరును 0 దగ్గర పెట్టు’ అని ఏజెంటుకు చెప్పాను. హార్మోనియం బొంగురుపోయి మీదపడింది. చిడతలు పూర్తిగా మాయమయ్యాయి. రెండు రోజులు కేబుళ్లు, మైకులు, చివరికి మోడల్, అన్నింటినీ అనుమానించాను. నా టూల్ వివరణలో ఉన్నది ఇంతే: ‘ట్రాక్ వాల్యూమును మారుస్తుంది. విలువ: సంఖ్య.’

నేను వాడిన రీపర్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్క్రిప్టు ద్వారా ట్రాక్ వాల్యూమ్ మార్చేటప్పుడు ఇచ్చేది డెసిబెల్లు కాదు, నిష్పత్తి. అక్కడ 1 అంటే 0 డెసిబెల్లు, 2 అంటే సుమారు +6, 0.5 అంటే సుమారు -6, 0 అంటే నిశ్శబ్దం. తెర మీద ఫేడరు చూపించేది మాత్రం డెసిబెల్లు. ఏజెంటు నిజాయితీగా 3, 0 పంపింది. 3 నిష్పత్తి అంటే సుమారు 9.5 డెసిబెల్ల పెంపు. 0 అంటే చిడతల నోరు నొక్కేయడం. రెండు అంకెలూ రెండు కొలతల్లోనూ చెల్లుతాయి కాబట్టి తప్పు సందేశం రాదు. పైగా నేను మొదట పరీక్షించింది ‘1 డెసిబెల్ పెంచు’ అని. అది 1 పంపింది, ఏమీ మారలేదు. అంత చిన్న తేడాను చెవి పట్టుకోలేక, పనిచేస్తోందనుకున్నాను. ఆడాసిటీ అనే మరో ఆడియో సాఫ్ట్‌వేర్‌లోనైతే శబ్దం పెంచే ఆంప్లిఫై కమాండుకు నిష్పత్తి ఇవ్వాలి, నార్మలైజ్‌కు డెసిబెల్లు ఇవ్వాలి. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు కొలతలు!

పరిష్కారం: టూల్ బయటివైపు డెసిబెల్లే తీసుకోవాలి, నిష్పత్తిలోకి మార్చే లెక్క లోపల జరగాలి. డెసిబెల్ అంకెను 20తో భాగించి, 10ని అంత ఘాతానికి పెంచితే నిష్పత్తి వస్తుంది. పారామీటర్ పేరులోనే కొలత ఉండాలి: వట్టి ‘విలువ’ కాదు, ‘స్థాయి_డెసిబెల్’. వివరణ ఇలా ఉండాలి: ‘ఫేడరును ఇచ్చిన స్థాయిలో నిలుపుతుంది, ఇప్పుడున్న స్థాయికి కలపదు. -60 నుంచి +12 డెసిబెల్ల వరకు. 0 అంటే మూల స్థాయి, నిశ్శబ్దం కాదు. నిశ్శబ్దం కావాలంటే మ్యూట్ టూల్ వాడాలి.’ నిలపడమా, కలపడమా అన్న మాట వదిలేస్తే సగం తప్పు అలాగే మిగిలిపోతుంది. హద్దులను పారామీటర్ల పట్టికలో కూడా రాసి, దాటితే తిప్పికొట్టండి. టూల్ ‘సఫలం’ అని ఊరుకోకుండా, ‘హార్మోనియం: 0 నుంచి +3 డెసిబెల్లు’ అని పాత స్థాయినీ కొత్త స్థాయినీ చదివి చెప్పాలి. తేడా వస్తే ఏజెంటే గమనించి దిద్దుకుంటుంది.

కాలానికీ ఇదే జబ్బు. సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) ఉన్న ఫైలులో ‘90వ సెకను దగ్గర కోయి’ అంటే 90 పంపుతుంది. టూల్ దాన్ని శాంపిళ్లుగా తీసుకుంటే కోత 2 మిల్లీసెకన్లలోపే పడుతుంది.

లక్షణం: పక్క ట్రాకు మారుతోంది.

రీపర్ తెర మీద ట్రాకుల లెక్క 1 నుంచి, స్క్రిప్టులో ట్రాకును తీసుకునే లెక్క 0 నుంచి. వయొలిన్ అంటే మృదంగం మారేది ఇందుకే. సంఖ్య బదులు ట్రాక్ పేరు తీసుకోండి. పేర్ల జాబితా ఇచ్చే చిన్న టూల్ ఒకటి కట్టి, ముందు దాన్నే పిలవాలని వివరణలో రాయండి.

లక్షణం: అసలు రికార్డింగ్ పోయింది.

భద్రపరిచే టూల్ పాత ఫైలు మీదే రాస్తోందని వివరణలో లేదు. అలా రాసే వీలునే తీసేయండి, ఎప్పుడూ కొత్త పేరుతోనే రాయించండి.

వివరణ దిద్దినా పాత ప్రవర్తనే కనిపిస్తే, టూళ్లను ఏజెంటుకు అందించే సర్వర్‌ను ఆపి మళ్లీ నడపండి, పాత జాబితానే పట్టుకుని ఉంటుంది. టూళ్లు మరీ ఎక్కువై తికమకపడితే ఆ పనికి అక్కరలేనివి తీసేయండి. వివరణ తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా అని చాలామంది అడుగుతారు. ఏ భాషలో రాసినా, ముందు కొలత పేరు రాయండి.