పొలం అమ్మిన సొమ్ముకు ఆదాయపు పన్ను: రిటర్ను దాఖలు చేసే విధానం

నల్లగొండ, మహబూబ్‌నగర్ చుట్టుపక్కల పొలం అమ్ముకున్నవారు ముందుగా అనే మాట, "వ్యవసాయ భూమికి పన్ను లేదు గదా" అని. పల్లెలో ఉన్న పొలానికి ఆ మాట పూర్తిగా నిజం. అయితే చట్టం లెక్కలో పల్లె ఎక్కడ ముగిసి పట్టణం ఎక్కడ మొదలవుతుందో చూసుకోకుండా సొమ్ము ఖర్చు చేసుకొని, రెండేళ్లకు నోటీసు పట్టుకొని తిరిగిన కుటుంబాలను దగ్గరగా చూశాను గనుక ఈ వివరాలు రాస్తున్నాను. ఇక్కడ చెప్పే లెక్కలు 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 లోపు జరిగిన అమ్మకాలకు వర్తిస్తాయి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినా, ఆ ఏడాది (2025-26) ఆదాయానికి 1961 నాటి చట్టమే ఆధారం.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది దూరం. జనాభా 10 వేలు, అంతకు మించి ఉన్న మున్సిపాలిటీ హద్దుల్లోని పొలం పన్ను పరిధిలోకి వస్తుంది. హద్దు దాటిన తరువాత కూడా, ఆ పట్టణ జనాభా లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్ల వరకు, లక్ష దాటి 10 లక్షల లోపు ఉంటే 6 కిలోమీటర్ల వరకు ఉన్న పొలానికి అదే నియమం. 2011 జనాభా లెక్కల ప్రకారం నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ లక్ష దాటినవే కాబట్టి వాటికి 6 కిలోమీటర్లు, వనపర్తి, గద్వాల వంటి పట్టణాలకు 2 కిలోమీటర్లు చూసుకోవాలి. ఈ దూరాన్ని రోడ్డు వెంట కాక మున్సిపాలిటీ హద్దు నుంచి గీత గీసినట్టు నేరుగా కొలుస్తారు. బస్సు దారిలో 8 కిలోమీటర్లు వచ్చే ఊరు నేరుగా కొలిస్తే 5 కిలోమీటర్లే కావచ్చు. అందువల్ల సర్వే నంబరు, హద్దు నుంచి దూరం రాసి ఉన్న ధ్రువపత్రాన్ని అమ్మకానికి ముందే తీసిపెట్టుకోవడం మంచిది. నాలా కింద వ్యవసాయేతరంగా మార్చి వెంచర్ వేసిన భూమికి పల్లెలో ఉన్నా ఈ మినహాయింపు దొరకదు.

ప్రాజెక్టు కోసమో రోడ్డు కోసమో భూమి పోయిన వారి సంగతి వేరు. 2013 భూసేకరణ చట్టం కింద అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ద్వారా గానీ ఒప్పందం ద్వారా గానీ వచ్చిన పరిహారం మీద, ఆ చట్టంలోని 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను లేదు. అదే చట్టం 46వ సెక్షన్ కింద, అంటే ప్రభుత్వం కాక ఇతరులు నేరుగా బేరమాడి చేసిన కొనుగోళ్లకు మాత్రం ఇది వర్తించదు. అవార్డు కాపీని జాగ్రత్తగా దాచుకోవాలి.

పన్ను పరిధిలోకి వచ్చే పొలం 24 నెలలకు మించి చేతిలో ఉంటే, లాభం మీద 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పడతాయి. తండ్రి నుంచి వచ్చిన భూమికి తండ్రి కొన్న ధర, ఆయన పేరున ఉన్న కాలం కూడా లెక్కలోకి వస్తాయి. 2001 ఏప్రిల్ 1 కంటే ముందటి భూమికి ఆ తేదీ నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. 2024 జులై 23కు ముందు కొన్న భూమి విషయంలో ధరల సూచీతో ఖరీదును పెంచి 20 శాతం లెక్క వేసి, రెండింటిలో ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఉదాహరణకు 2010 మే నెలలో 8 లక్షలకు కొన్న బత్తాయి తోటను 2025 నవంబరులో 24 లక్షలకు అమ్మితే, లాభం 16 లక్షలు, పన్ను 2 లక్షలు. సూచీ 167 నుంచి 376కు పెరిగింది గనుక ఖరీదు సుమారు 18,01,198 రూపాయలవుతుంది, మిగిలిన 5,98,802 మీద 20 శాతం సుమారు 1,19,760 మాత్రమే. అదే తోట 48 లక్షలకు అమ్ముడైతే 12.5 శాతం లెక్కే తక్కువ. రెండు లెక్కలూ వేయకుండా ఎవరూ చలాన్ కట్టవద్దు.

ఆ సొమ్ముతో మళ్లీ పొలం కొనేవారికి 54బి సెక్షన్ పెద్ద ఆసరా. అమ్మకానికి ముందు రెండేళ్లు మీరు గానీ మీ తల్లిదండ్రులు గానీ సాగు చేసి ఉండాలి, అమ్మిన రెండేళ్లలో మరో వ్యవసాయ భూమి కొనాలి, దాన్ని మూడేళ్ల లోపు అమ్మకూడదు. సాగుకు రుజువుగా పహాణీ నకళ్లు పనికొస్తాయి. రిటర్ను గడువులోగా భూమి కుదరకపోతే లాభాన్ని మూలధన లాభాల ఖాతా పథకంలో జమ చేయాలి. ఫారం 'ఏ' నింపి ఇచ్చి తెరిచే ఈ ఖాతాను బ్యాంకుల గ్రామీణ శాఖల్లో తెరవరు కాబట్టి, పాసుపుస్తకం, పాన్ పట్టుకొని పట్టణంలోని శాఖకే వెళ్లాలి.

బయానా విషయంలో ఒక గట్టి హెచ్చరిక. భూమి అమ్మకానికి 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం ఎవరికీ లేకపోతే తప్ప దీనికి మినహాయింపు లేదు. రిజిస్ట్రేషన్ విలువ కంటే తక్కువ ధర రాసుకున్నా, తేడా 10 శాతం దాటితే ప్రభుత్వ విలువనే అమ్మకపు ధరగా లెక్కిస్తారు.

ఇక దాఖలు విధానం. పాన్‌తో ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోకి వెళ్లి ముందు ఏఐఎస్ (మీ లావాదేవీల వార్షిక సమాచార పత్రం), ఫారం 26ఏఎస్ (మీ పేరున జమ అయిన పన్ను వివరాలు) చూసుకోవాలి. 30 లక్షలు, అంతకు మించిన రిజిస్ట్రేషన్ల సమాచారం శాఖకు చేరుతుంది గనుక, పన్ను లేని పొలమైనా అక్కడ కనిపించవచ్చు. పట్టణ పరిధి భూమి ధర 50 లక్షలు, అంతకు మించితే కొన్నవారు 1 శాతం కోసి కట్టి ఉండాలి, అది మీ పేరున జమ అయిందో లేదో చూడాలి. తరువాత ఐటీఆర్-2 అనే రిటర్ను ఫారం ఎంచుకొని మూలధన లాభాల షెడ్యూలులో కొన్న తేదీ, అమ్మిన తేదీ, ధర, ప్రభుత్వ విలువ, కొన్నవారి పేరు, పాన్, వాటా, పిన్‌కోడ్ నింపాలి. అన్నదమ్ములు కలిసి అమ్మితే ఎవరి వాటా వారు విడిగా చూపాలి. పల్లె పొలమైతే మినహాయింపు ఆదాయాల్లో చూపడం నా సలహా. ఏటా వ్యవసాయ ఆదాయం 5 లక్షలు దాటినవారు జిల్లా, విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అన్నది కూడా రాయాలి.

పన్ను మొత్తం 54బి కింద పోయినా, ఆ మినహాయింపుకు ముందటి ఆదాయం కొత్త పన్ను విధానంలో 4 లక్షలు దాటితే రిటర్ను తప్పనిసరి. 12 లక్షల వరకు పన్ను లేదన్న మాటను పొలం లాభానికి అన్వయించుకోవద్దు, ఆ రిబేటు దీనికి రాదు.

గడువు సాధారణంగా జులై 31. పంపిన తరువాత 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) చేయకపోతే, చేసిన రోజునే దాఖలైనట్టు లెక్కించి ఆలస్య రుసుము వేస్తారు. ఆధార్ ఓటీపీతో చేసేవారికి అది ఆధార్‌కు జోడించిన ఫోనుకే వస్తుంది, ఆ సిమ్ హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గర ఉంటే ముందే ఫోన్ చేసి కూర్చోబెట్టుకోవాలి. అది కుదరకపోతే ఐటీఆర్-వి (రిటర్ను పంపినట్టు వచ్చే రసీదు) మీద సంతకం చేసి, అదే 30 రోజుల్లో బెంగళూరులోని ప్రాసెసింగ్ కేంద్రానికి చేరేలా పోస్టులో పంపవచ్చు.