చేప మేతలో సముద్రపు నాచు: ఏ రకం, ఎంత, ఎలా కలపాలి

చేప మేతలో నాచు కలిపితే ఫిష్‌మీల్ (ఎండు చేపల పొడి) ఖర్చు తగ్గిపోతుందని ఎవరైనా చెబితే ముందు ఒక చిన్న లెక్క వేయండి. ఫిష్‌మీల్‌లో ప్రొటీన్ సుమారు 60 శాతం, ఎండు నాచులో 15 శాతం అనుకుందాం. 5 కిలోల ఫిష్‌మీల్ తీసేసి అంతే నాచుపొడి వేస్తే 3 కిలోల ప్రొటీన్ పోయి ముప్పావు కిలో వస్తుంది. అందుకే నాచును తవుడు, పిండి లాంటివి కొంచెం తగ్గించి వేయాలి, ఫిష్‌మీల్ జోలికి వెళ్లొద్దు.

రకం చూడకుండా కొనకండి. సర్గాసమ్, కెల్ప్ లాంటి గోధుమరంగు నాచుల్లో ప్రొటీన్ తక్కువ, చాలావాటిలో 5 నుంచి 15 శాతమే. ఆకుపచ్చగా ఉండే ఉల్వా కాస్త నయం, ఎర్ర నాచుల్లో పోర్ఫైరా అయితే 30 శాతం కూడా దాటగలదు, అయితే ఒకే రకంలో కూడా కోసిన కాలాన్ని బట్టి, నీళ్లలోని నత్రజనిని బట్టి అంకె మారిపోతుంది. ల్యాబ్‌లో నత్రజనిని కొలిచి దాన్నిబట్టి ప్రొటీన్ లెక్కగడతారు, రిపోర్ట్‌లో ఆ నత్రజనిని 6.25తో గుణించి ఉంటే ప్రొటీన్ ఎక్కువ చేసి చూపించినట్టే (నాచులో ప్రొటీన్ కాని నత్రజని కూడా ఉంటుంది మరి), 5తో గుణిస్తే అసలుకి దగ్గరగా వస్తుంది.

ప్రొటీన్ తర్వాత చూడాల్సింది బూడిద, అంటే కాల్చాక మిగిలే ఖనిజాలు. ఎండు నాచులో 20 నుంచి 40 శాతం దాకా ఖనిజాలే ఉండొచ్చు, అవి కొంతవరకు మంచివే గానీ మేతలో శక్తిని పలచన చేస్తాయి. పిండిపదార్థాల్లో ఎక్కువ భాగం ఆల్జినేట్, క్యారజీనన్, అగర్ లాంటి జిగురు పదార్థాలు, చేపలకు సరిగా అరగవు. ఆల్జినేట్ వల్ల ఒక లాభం మాత్రం ఉంది, మేత గుళిక నీళ్లలో త్వరగా విడిపోదు. కొవ్వు చాలా తక్కువ, నూనె లెక్కలోకి దీన్ని తీసుకోకండి.

తాజా నాచులో 80 నుంచి 90 శాతం నీళ్లే, కాబట్టి పది కిలోలు తెస్తే మిగిలేది ఒకటి రెండు కిలోలు. ఇసుక, ఉప్పు పోయేలా మంచినీళ్లలో కడిగి, గాలి తగిలే నీడలో ఆరబెట్టి, తేమ 10 శాతం లోపుకి వచ్చాక మెత్తగా పొడి చేసి జల్లించండి.

మొదట మేతలో 2, 3 శాతం నాచుపొడితో మొదలుపెట్టి ఒక చెరువులోనో తొట్టిలోనో మాత్రమే వేయండి, పక్కన పాత మేత తినే చేపలు ఉండాలి, లేకపోతే తేడా తెలియదు. తిలాపియా, కార్ప్ లాంటివి 5 నుంచి 10 శాతం దాకా తట్టుకుంటాయి, సాల్మన్, ట్రౌట్ లాంటి మాంసాహార చేపలకు అంత వెళ్లకపోవడమే మేలు. బరువు తగ్గుతుంటే, మేత ఎక్కువ పడుతుంటే వెంటనే తగ్గించండి.

కెల్ప్ వాడేవాళ్లు అయోడిన్ చూసుకోవాలి, అది చేప కండలోకి కూడా చేరుతుంది. గోధుమరంగు నాచుల్లో ఆర్సెనిక్ కూడా ఎక్కువే, హిజికి అనే రకంలో మరీ ప్రమాదకరమైన రూపంలో ఉంటుంది. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే ఒడ్డున దొరికే నాచు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.