యూరిమాగ్వాస్‌లో లాంచా ఎక్కాలంటే

పెరూ ఉత్తర భాగంలో తారు రోడ్డు యూరిమాగ్వాస్ రేవుతో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి అమెజాన్ అడవిలోని ఇకిటోస్ నగరానికి నదే దారి. టారాపోటో పట్టణం నుంచి యూరిమాగ్వాస్‌కు సుమారు 130 కిలోమీటర్లు, షేర్ కారులో మూడు గంటల లోపే. ఘాట్ మలుపులు గట్టివి, కాబట్టి కడుపు నిండా తిని ఎక్కొద్దు. వానలప్పుడు కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతుంది. అందుకే ఒకరోజు ముందే చేరుకోవాలి.

యెల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. పెరూ నుంచి ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు ఆ టీకా కార్డు అడుగుతారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

సరుకుల పడవను అక్కడ లాంచా అంటారు, మన లాంచీకి దగ్గరి పేరే. ఇకిటోస్‌కు రెండు మూడు రోజుల ప్రయాణం. బయల్దేరే టైము పలక మీద రాసుంటుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు, సరుకు నిండితేనే పడవ కదిలేది. రేవులోకి వెళ్ళి చూడండి: లారీలు ఇంకా దించుతుంటే, పడవ నీళ్ళలోకి పెద్దగా దిగకపోతే ఆ రోజు కదలనట్టే. అయినా ముందే ఎక్కి చోటు పట్టుకోవడం మంచిది.

పడవలో పడుకునేది మనం కట్టుకునే ఊయలలోనే, కాబట్టి చోటు ఎంపికే అసలు పని. పై అంతస్తులో, ముందు వైపు చూసుకోండి. వెనక ఇంజను మోత, మరుగుదొడ్ల వాసన. లైటు కింద కడితే రాత్రంతా పురుగులు మీద రాలతాయి. ఊయల ఊళ్ళో బజార్లోనే కొనండి. గుడ్డది తీసుకోండి, వలది ఒంటికి కోసుకుపోతుంది. రెండు మూడు మీటర్ల తాళ్ళు రెండు కావాలి. కొత్త తాడు బరువుకి సాగుతుంది, నడుం ఎత్తులో కడితే అర్ధరాత్రికి వీపు నేలకు తగులుతుంది. ఇంకో జానెడు పైకి కట్టండి. పడుకునేటప్పుడు ఏటవాలుగా, కాళ్ళు ఓ మూలకి, తల ఎదురు మూలకి పెడితే వెన్ను వంగదు. నది గాలి తెల్లవారుజామున చలి పుట్టిస్తుంది, దుప్పటి ఉండాలి. సంచిని ఊయల కిందే పెట్టి తాడుకు కట్టేయండి.

భోజనం టికెట్‌లోనే ఉంటుంది, గిన్నె, చెంచా మాత్రం మీవే. అన్నం, అరటికాయ, కోడి ముక్క: శాకాహారులు పళ్ళు, బిస్కెట్లు తెచ్చుకోవాలి. వంటకీ కడుగుడుకీ నది నీళ్ళే, కాబట్టి తాగడానికి మనిషికి కనీసం 6 లీటర్లు కొనుక్కోండి. దారిలో అమ్మేవాళ్ళ దగ్గర పెద్ద నోటుకు చిల్లర దొరకదు, చిన్న సోల్ (పెరూ డబ్బు) నోట్లు, నాణేలు ఉంచుకోండి.

పకాయా సమీరియా అభయారణ్యానికైతే మధ్యలో లగూనాస్‌లో దిగాలి. పడవ అక్కడికి ఏ అర్ధరాత్రో చేరొచ్చు, లేపమని సిబ్బందికి ముందే చెప్పండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా నీళ్ళు తగ్గి లాంచాలు ఇసుక మేటల్లో ఇరుక్కుంటాయి. ఇకిటోస్‌లో విమానం ఉంటే మధ్యలో రెండు రోజులు ఖాళీగా వదలండి.