సీలో పైథాన్ ఎక్స్‌టెన్షన్లు – 4వ పాఠం: లిస్టులోని అంకెలు కూడటం

కిందటి పాఠంలో సీలో రాసిన మన పైథాన్ మాడ్యూల్ కంపైలై ఇంపోర్ట్ అయింది. ఇప్పుడు దానికో పని పెడదాం: పైథాన్ పంపిన లిస్టులోని పూర్ణాంకాలు కూడి మొత్తం తిరిగివ్వాలి.

సీ వైపు ఏ పైథాన్ విలువైనా పైఆబ్జెక్ట్ పాయింటరే. లోపల అంకె ఉందో స్ట్రింగ్ ఉందో కంపైలర్‌కు కనబడదు, అందుకే తప్పు రకం వస్తే అది హెచ్చరించదు. ప్రతి చోటా మనమే అడగాలి. ముందు పైలిస్ట్_చెక్ వేయండి. లిస్టు కాకపోతే టైప్‌ఎర్రర్ పెట్టి నల్ (దేన్నీ చూపని ఖాళీ పాయింటర్) ఇవ్వండి. ఎర్రర్ పెట్టకుండా ఉత్త నల్ ఇస్తే పైథాన్ సిస్టమ్‌ఎర్రర్ చూపిస్తుంది.

అంకెగా మార్చడానికి పైలాంగ్_యాజ్‌లాంగ్‌లాంగ్ వాడండి. పైలాంగ్_యాజ్‌లాంగ్ వద్దు: 64 బిట్ల విండోస్‌లో కూడా సీ లాంగ్ 32 బిట్లే, కాబట్టి 2147483647 దాటిన అంకెకు అక్కడ ఓవర్‌ఫ్లోఎర్రర్ వస్తుంది. లినక్స్‌లో పరీక్షించి ఊరుకుంటే ఇది బయటపడదు.

మార్పిడి విఫలమైతే వచ్చేది -1. కానీ లిస్టులో నిజంగానే -1 ఉండొచ్చు. అందుకే -1 వచ్చినప్పుడల్లా ఎర్రర్ పెండింగ్‌లో ఉందా అని పైఎర్_అకర్డ్‌ను అడగాలి. ఎర్రర్ ఉందంటేనే నల్ ఇచ్చి వెనక్కి వెళ్ళాలి. ఈ పరీక్ష మానేసి [10, "20", 30] పంపి చూడండి. లోపల 10, -1, 30 కలిసి 39 అవుతుంది. టైప్‌ఎర్రర్ పెండింగ్‌లో ఉండగానే ఫంక్షన్ విలువ తిరిగిస్తుంది, పైథాన్ దాన్ని సిస్టమ్‌ఎర్రర్‌గా పట్టుకుంటుంది. ట్రేస్‌బ్యాక్‌లో పైన కనిపించే టైప్‌ఎర్రరే అసలు కారణం, వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి.

ట్రూ, ఫాల్స్ కూడా పైలాంగ్_చెక్ (పూర్ణాంకమా అని చూసే పరీక్ష) దాటి 1, 0గా చేరిపోతాయి, ఎందుకంటే పైథాన్‌లో బూల్ పూర్ణాంకపు ఉపతరగతే. అవి వద్దనుకుంటే ముందే పైబూల్_చెక్‌తో ఆపండి.

ఇక అసలు ప్రమాదం. పైలిస్ట్_గెట్‌ఐటమ్ ఇచ్చేది అరువు రెఫరెన్స్: ఆ మూలకం లిస్టుదే, మనది కాదు. ఆ మూలకం పూర్ణాంకం కాక, ఇండెక్స్ మెథడ్ (__index__) ఉన్న వేరే క్లాసుదైతే, మార్పిడి ఫంక్షన్ ఆ మెథడ్‌ను పిలుస్తుంది. అంటే మన లూపు మధ్యలో పరాయి పైథాన్ కోడ్ నడుస్తుంది. ఆ కోడ్ లిస్టును ఖాళీ చేస్తే, మన చేతిలోని పాయింటర్ చచ్చిన మెమరీని చూపిస్తుంది. అదృష్టం బాగుంటే వెంటనే క్రాష్ అవుతుంది, లేకపోతే ఎక్కడో దూరంగా అవుతుంది. అందుకని తీసుకున్న వెంటనే పై_ఇంక్‌రెఫ్ చేయండి (మూలకం మీదున్న రెఫరెన్సుల లెక్క ఒకటి పెరుగుతుంది), మార్పిడి కాగానే పై_డెక్‌రెఫ్ చేయండి (ఆ లెక్క ఒకటి తగ్గుతుంది). ఎర్రర్ దారిలో డెక్‌రెఫ్ మరిచిపోతే మెమరీ లీకవుతుంది, చాలామంది జారేది అక్కడే. పైథాన్ 3.13 నుంచి పైలిస్ట్_గెట్‌ఐటమ్‌రెఫ్ సొంత రెఫరెన్స్ ఇస్తుంది, దానితో ఇంక్‌రెఫ్ అక్కర్లేదు, డెక్‌రెఫ్ మాత్రం తప్పదు.

లిస్టు మధ్యలో కుదించుకుపోవచ్చు కాబట్టి పొడవును లూపు ముందు ఒకసారి చదివి దాచుకోకండి, ప్రతి చుట్టులో పైలిస్ట్_సైజ్‌నే అడగండి. మొత్తం పొంగిపోతుందేమో కూడే ముందే చూడండి, సీలో సైన్డ్ ఓవర్‌ఫ్లోకు ఫలితం నిర్వచించలేదు.

అభ్యాసం: [-1, 5], [1, ట్రూ], [2**63] విడివిడిగా పంపండి. మూడోదానికి ఓవర్‌ఫ్లోఎర్రర్ రావాలి. ఆపైన, ఇండెక్స్ మెథడ్‌లో లిస్టును ఖాళీ చేసే క్లాసు రాసి, ఇంక్‌రెఫ్ ఉన్నప్పుడూ తీసేశాకా అడ్రస్ శానిటైజర్‌తో (చచ్చిన మెమరీని ముట్టుకుంటే పట్టిచ్చే సాధనం) నడిపి చూడండి. 5వ పాఠంలో స్ట్రింగులు.